అమెరికాలో ఎస్టోనియా రాయబారులు: 1940–1991 మధ్య ఖాళీని ఎలా చదవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "అమెరికాకు ఎస్టోనియా పంపిన రాయబారుల పట్టిక తెలుగులో వేస్తున్నాను. ఒకచోట 1940 నుంచి 1991 దాకా ఖాళీగా ఉంది. ఇంకోచోట అదే కాలానికి యోహానెస్ కైవ్, ఎర్నస్ట్ యాక్సన్ అని రెండు పేర్లున్నాయి. 1991 తర్వాత పేర్లు కలుస్తున్నా తేదీలు కలవడం లేదు. ఏది నమ్మాలి?"

రెండూ నమ్మవచ్చు. తేడా అంతా పట్టిక నెత్తిన మీరు పెట్టే శీర్షికలో ఉంది. "రాయబారులు" అని పెడితే 1991కి ముందు ఒక్క పేరు కూడా రాకూడదు. 1923లో వాషింగ్టన్ వెళ్లిన ఆంటోనియుస్ పీప్ పేరు కూడా తీసేయాల్సిందే. "దౌత్య కార్యాలయ అధిపతులు" అని పెడితే మాత్రం ఆ యాభై ఒక్క ఏళ్లూ రెండే పేర్లతో నిండిపోతాయి. సగం రాయబారుల లెక్క, సగం అధిపతుల లెక్క కలిపి వేసిన పట్టికలే మీకు తలనొప్పి తెచ్చిపెడుతున్నాయి.

ముందు హోదాల సంగతి చూడండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అంబాసిడర్ హోదా చాలామటుకు పెద్ద దేశాల మధ్యే ఉండేది. చిన్న దేశాలు పెట్టుకునేది ఎంబసీ కాదు, దానికంటే ఒక మెట్టు కిందిదైన లెగేషన్. దాని అధిపతి పూర్తి బిరుదు "ఎన్వాయ్ ఎక్స్‌ట్రార్డినరీ అండ్ మినిస్టర్ ప్లెనిపొటెన్షియరీ". వాడుకలో కుదించి "మినిస్టర్" అనేవారు. దీన్ని తెలుగులో "మంత్రి" అని రాస్తే పాఠకుడు పూర్తిగా తప్పుదారి పడతాడు. పీప్ విషయంలో మరీ ఇబ్బంది. ఆయన వాషింగ్టన్‌కు ముందు ఎస్టోనియాలో విదేశాంగ మంత్రిగా చేశారు, 1920లో ప్రభుత్వాన్నే నడిపారు. "మంత్రి పీప్, 1923–1925" అని రాస్తే అది ఎస్టోనియా రాజధాని టాలిన్‌లోని పదవో వాషింగ్టన్ పదవో ఎవరికీ తెలియదు. "దూత (మినిస్టర్ హోదా)" అని రాయండి, సరిపోతుంది. అమెరికా ఎస్టోనియాను 1922 జూలై 28న గుర్తించింది కాబట్టి అంతకు ముందు కనిపించే పేర్లేవీ ఈ పట్టికలోకి రావు.

ఇంకోమాట. యుద్ధం తర్వాత దేశాలన్నీ లెగేషన్లను ఎంబసీలుగా పెంచుకుంటూ వచ్చాయి. 1960లు గడిచేసరికి ఆ మాటే దాదాపు కనుమరుగైంది. వాషింగ్టన్‌లో మాత్రం లాత్వియా, లిథువేనియా లెగేషన్లు 1991 దాకా లెగేషన్లుగానే మిగిలాయి. హోదా పెంచమని కోరడానికి వాటి వెనుక ప్రభుత్వం లేదు మరి.

ఇక 1940. జూన్ మధ్యలో సోవియట్ సేనలు ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అనే మూడు బాల్టిక్ దేశాలనూ ఆక్రమించాయి. జూలై 15న అమెరికా కార్యనిర్వాహక ఉత్తర్వు 8484 జారీ చేసి ఆ దేశాలకు అమెరికాలో ఉన్న ఆస్తులన్నిటినీ స్తంభింపజేసింది. జూలై 23న తాత్కాలికంగా విదేశాంగ శాఖ చూస్తున్న సమ్నర్ వెల్స్ పేరుతో ప్రకటన వచ్చింది: బలప్రయోగంతో ఈ దేశాల స్వాతంత్ర్యాన్ని తుడిచిపెట్టడాన్ని అమెరికా ఒప్పుకోదు. ఎస్టోనియాను లాంఛనంగా కలుపుకోవడం ఆగస్టు 6న జరిగింది. వరుస గమనించండి: డబ్బుకు తాళం, తర్వాత మాట, ఆ తర్వాతే విలీనం. తాళం ఆలస్యమై ఉంటే ఆ నిల్వలు కొత్త పాలకుల చేతికి వెళ్లిపోయేవి. ఎందుకంటే పోస్టులు ఖాళీ చేసి లెగేషన్లను సోవియట్ ప్రతినిధులకు అప్పగించమని బాల్టిక్ దౌత్యవేత్తలకు ఆదేశాలు అప్పటికే వస్తున్నాయి.

ఆ సమయానికి వాషింగ్టన్‌లో ఎస్టోనియా దూత లేరు. పని నడుస్తున్నది న్యూయార్క్ కాన్సులేట్ జనరల్ నుంచి. 1939 నుంచి తాత్కాలిక కాన్సుల్ జనరల్‌గా ఉన్నది యోహానెస్ కైవ్. కాన్సుల్ అంటే మామూలుగా పాస్‌పోర్టులు, ధ్రువీకరణలు, వాణిజ్యం చూసుకునే మనిషి. దేశం తరఫున రాజకీయంగా మాట్లాడే హక్కు అతనికి ఉండదు. అమెరికా ఇక్కడ ఒక సర్దుబాటు చేసింది. దౌత్య జాబితాలో ఎస్టోనియా పేరు తీసేయకుండా, దాని కింద "న్యూయార్క్ కాన్సుల్ జనరల్, లెగేషన్ బాధ్యతలతో" అని రాస్తూ వచ్చింది. 1965లో కైవ్ చనిపోయాక అదే వరుసలోకి ఎర్నస్ట్ యాక్సన్ వచ్చారు. 1905లో రీగాలో పుట్టిన మనిషి, 1929లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, 1932లో న్యూయార్క్‌కు వచ్చి ఆ కార్యాలయంలోనే ఉండిపోయారు. మీ పట్టికలో ఈ ఇద్దరి ఎదురుగా పెట్టాల్సిన హోదా ఆ జాబితాలోని మాటే. "రాయబారి" అని గౌరవార్థం పెంచి రాయడం మంచి ఉద్దేశమే గానీ తప్పు.

అసలు కొత్తగా ఒక దూతను ఎందుకు నియమించలేకపోయారు? జవాబు ఒక కాగితంలో ఉంది. దూతనైనా రాయబారినైనా పంపాలంటే పంపే దేశాధినేత సంతకంతో, పుచ్చుకునే దేశాధినేత పేరిట అధికార పత్రం కావాలి. ఫలానా వ్యక్తిని పంపుతున్నాం, మా తరఫున ఆయన చెప్పేదాన్ని పూర్తిగా నమ్మండి అన్నదే దాని సారం. 1940 జూలైలోనే ఎస్టోనియా అధ్యక్షుడు కొన్‌స్టాంటిన్ పాట్స్‌ను కుటుంబంతో సహా రష్యాకు తరలించారు. ఆయన 1956లో అక్కడే చనిపోయారు. సంతకం పెట్టే చెయ్యి లేదు. ప్రవాస ప్రభుత్వం ఒకటి 1953లో ఓస్లోలో ఏర్పడినా అమెరికా దాన్ని గుర్తించలేదు, కాబట్టి దాని సంతకం వాషింగ్టన్‌లో చెల్లదు. ఉన్న దారి ఒక్కటే: 1940కి ముందే ఎస్టోనియా సర్వీసులో ఉన్నవాళ్లను కొనసాగనివ్వడం. యాక్సన్ ఆ కొలతకు సరిపోయారు.

పొరుగు దేశాలు ఈ చిక్కును ముందే ఊహించి కాగితాలు సిద్ధం చేసుకున్నాయి. లాత్వియా ప్రభుత్వం 1940 మే 17న లండన్‌లోని తన దూత కార్లిస్ జారిన్ష్‌కు అసాధారణ అధికారాలు ఇచ్చింది. ఆయనకు ఏమైనా అయితే వాషింగ్టన్‌లోని ఆల్ఫ్రెడ్స్ బిల్మానిస్ ఆ అధికారాలు వాడాలి. లిథువేనియా విదేశాంగ మంత్రి యువొజాస్ ఉర్బ్షిస్ మే 30న టెలిగ్రాం పంపి, విపత్తు వస్తే విదేశాల్లోని సర్వీసు అంతటికీ రోమ్‌లోని స్టాసిస్ లొజొరాయ్‌టిస్ అధిపతి అని చెప్పారు. ఎస్టోనియా దగ్గర అలాంటి కాగితం లేదు. అందుకే లాత్వియా, లిథువేనియా వరుసల్లో ఎవరు ఎవరిని నియమించారన్నది చెప్పగలం. ఎస్టోనియా వరుస మాత్రం పూర్తిగా అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు మీదే నిలబడింది. మూడు దేశాలకూ ఒకే వ్యాఖ్య కాపీ చేసి అంటించేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

పోలిక కావాలంటే లిథువేనియా వరుస: పొవిలాస్ జదేయ్‌కిస్ 1935 నుంచి 1957 దాకా, యువొజాస్ కయెట్స్కాస్ 1977 దాకా, స్టాసిస్ బాచ్‌కిస్ 1987 దాకా, ఆ తర్వాత చిన్న లొజొరాయ్‌టిస్. (తండ్రీ కొడుకులిద్దరి పేరూ స్టాసిసే, కలిపేయకండి.) మొదటాయన దూత. ఆయన పోయాక వచ్చినవాళ్లు 1991 దాకా చార్జ్ డి అఫైర్స్ (దూత కంటే కింది స్థాయి కార్యాలయ అధిపతి) హోదా దాటలేదు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు, కొత్త అధికార పత్రం లేదు. లాత్వియాలోనూ అంతే. 1948లో బిల్మానిస్ పోయాక యూలియ్స్ ఫెల్డ్‌మాన్స్, అర్నోల్డ్స్ స్పెకె, అనాతోల్స్ దిన్‌బెర్గ్స్ చార్జ్‌లుగానే నడిపారు.

చిన్న లొజొరాయ్‌టిస్ పుట్టింది 1924లో. 1940లో ఆయనకు పదహారేళ్లు, అప్పటికే సర్వీసులో ఉండటం అసాధ్యం. 1940కి ముందువాళ్లే కావాలన్న నియమాన్ని అమెరికా చివరికి సడలించిందనడానికి ఆయన పేరే నిదర్శనం. సడలించకపోతే మనుషులు వయసు మీరి పోతారు, కార్యాలయాలు వాటంతట అవే మూతపడతాయి. లండన్‌లో జరిగింది అదే. బ్రిటన్ పాత దూతలకు వ్యక్తిగత గౌరవం కొనసాగించింది గానీ వారసులను ఒప్పుకోలేదు. 1971లో ఎస్టోనియా దూత ఆగస్ట్ టోర్మా చనిపోవడంతో అక్కడి వరుస తెగింది.

డబ్బు మాట. అద్దె, జీతాలు, తపాలా ఖర్చులు అన్నీ 1940లో స్తంభింపజేసిన నిల్వల నుంచే, అమెరికా ఖజానా శాఖ అనుమతితో విడుదలయ్యేవి. లాత్వియా నిల్వ పెద్దది. లిథువేనియాది 1980 ప్రాంతంలో అయిపోతే లాత్వియా తన నిల్వ నుంచి అప్పిచ్చి నిలబెట్టింది. ఏ ప్రభుత్వమూ లేని రెండు లెగేషన్లు ఒకదానికొకటి అప్పిచ్చుకోవడం దౌత్య చరిత్రలో తరచూ కనిపించే దృశ్యం కాదు.

ఆ యాభై ఏళ్లలో ఈ ప్రతినిధులు చేసిన పని చిన్నదే అయినా ఉత్త లాంఛనం కాదు. న్యూయార్క్ కార్యాలయం ఎస్టోనియా పాస్‌పోర్టులు ఇస్తూనే ఉంది. ఏటా ఫిబ్రవరి 24న, ఎస్టోనియా స్వాతంత్ర్య దినాన, అమెరికా విదేశాంగ మంత్రి నుంచి శుభాకాంక్షల లేఖ వచ్చేది. అమెరికా ప్రభుత్వ పటాల్లో బాల్టిక్ దేశాల విలీనాన్ని గుర్తించడం లేదన్న గమనిక అచ్చయ్యేది. మాస్కోలోని అమెరికా రాయబారి అధికారికంగా టాలిన్ వెళ్లేవారు కాదు, వెళ్తే కింది స్థాయి అధికారులే. చూడ్డానికి చిన్న చిన్న పట్టింపులు. అవే లేకపోతే 1991లో కొత్త దేశంగా మొదటి నుంచీ అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. అలా జరగలేదు. 1991 సెప్టెంబరు 2న పెద్ద బుష్ ప్రకటించింది దౌత్య సంబంధాల పునరుద్ధరణను, కొత్తగా గుర్తింపును కాదు. మీ వ్యాఖ్యల్లో ఆ ఏడాది ఎదురుగా "అమెరికా ఎస్టోనియాను గుర్తించింది" అని రాయకండి. భారత్ కూడా అదే నెలలో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, మూడు దేశాలనూ గుర్తించింది. భారత్ విషయంలో "గుర్తించింది" అన్న మాటే సరైనది.

యాక్సన్ 1991లో రాయబారి అయ్యారు, ఎనభై ఆరేళ్ల వయసులో. ఐక్యరాజ్యసమితిలో ప్రతినిధి బాధ్యత కూడా ఆయనదే. కాబట్టి పట్టికలో యాక్సన్ పేరు రెండుసార్లు రావాలి: 1965–1991 లెగేషన్ బాధ్యతలతో కాన్సుల్ జనరల్, 1991–1993 రాయబారి. ఒకే వరుసలో "1965–1993 రాయబారి" అని కుక్కడం చాలాచోట్ల కనిపించే పొరపాటు.

ఆ తర్వాత తేదీలు ఎందుకు కలవవో చూద్దాం. ఒక రాయబారి నియామకంలో కనీసం నాలుగు తేదీలుంటాయి. మొదట పేరును రహస్యంగా అవతలి దేశానికి పంపి సమ్మతి అడుగుతారు. దీన్ని అగ్రిమాన్ అంటారు. దౌత్య సంబంధాలపై 1961 వియన్నా ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం నిరాకరిస్తే కారణం చెప్పనక్కర్లేదు. అందుకే సమ్మతి వచ్చేదాకా పేరు బయటపెట్టరు. ముందే పత్రికల్లో వచ్చి, తర్వాత సమ్మతి రాకపోతే ఆ పరువు నష్టం పంపిన దేశానిదే. సమ్మతి వచ్చాక ఎస్టోనియాలో ప్రభుత్వ ప్రతిపాదన మీద అధ్యక్షుడు నియమిస్తారు. ఎస్టోనియా ఆధారాలు సాధారణంగా చూపేది ఈ తేదీ. మూడోది వాషింగ్టన్ చేరి విదేశాంగ శాఖ ప్రోటోకాల్ అధికారికి అధికార పత్రాల నకలు, ముందున్న రాయబారి ఉపసంహరణ లేఖ నకలు ఇచ్చే రోజు. నాలుగోది శ్వేతసౌధంలో అసలు పత్రం అధ్యక్షుడి చేతికిచ్చే రోజు. అమెరికా ఆధారాలు చూపేది దీన్నే. మొదటి దానికీ చివరి దానికీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఏడాది చివర్లో నియమితులైతే ఒక ఆధారంలో ఒక సంవత్సరం, ఇంకో ఆధారంలో మరో సంవత్సరం కనిపించేది ఇందుకే.

ఆ నాలుగో రోజు ఎలా ఉంటుందో తెలిస్తే ఆలస్యం ఎందుకో అర్థమవుతుంది. అధ్యక్షుడు ఒక్కొక్కరికీ ఒక రోజు కేటాయించడు. కొత్తగా వచ్చినవాళ్లు కొందరయ్యాక అందరినీ ఒకే రోజు పిలుస్తారు. ఒక్కొక్కరికి ఓవల్ ఆఫీసులో దొరికేది కొద్ది నిమిషాలే. ప్రసంగాలు చదవరు, రెండు వైపులా రాసుకొచ్చిన పాఠాలు చేతులు మారతాయి. ఒక ఫొటో, నాలుగు మాటలు, కుటుంబంతో బయటికి. చిన్న దేశపు రాయబారికి పదవీకాలం మొత్తంలో అధ్యక్షుడితో ముఖాముఖి మాట్లాడే అవకాశం ఆ కొద్ది నిమిషాలే కావచ్చు. అందుకని చెప్పాల్సిన ఒక్క వాక్యం ముందే తేల్చుకుని వెళ్లేవాళ్లే తెలివైనవాళ్లు.

నా సలహా: "నియామకం", "అధికార పత్రాల సమర్పణ" అని రెండు నిలువు వరుసలు పెట్టండి, ఒక్కటే పెట్టాల్సి వస్తే రెండోది. కారణం ఉంది. అదే వియన్నా ఒప్పందం పదహారో అధికరణం ప్రకారం రాయబారుల మధ్య ముందువెనుకల వరుస బాధ్యతలు చేపట్టిన తేదీని బట్టే, దేశం పరిమాణాన్ని బట్టి కాదు. చైనా రాయబారి కంటే ముందొచ్చిన ఎస్టోనియా రాయబారి విందులో ముందే నిలబడతారు. చిన్న దేశాలకు దౌత్య నియమాలు ఇచ్చే సమానత్వం చాలామటుకు ఇలాంటి చోట్లే కంటికి కనిపిస్తుంది. ఇక ముగింపు తేదీకి మనిషి వాషింగ్టన్ విడిచిన రోజే వేయండి. ఉపసంహరణ లేఖను చాలాసార్లు తర్వాత వచ్చేవాళ్లే తమ పత్రంతో పాటు ఇస్తారు కాబట్టి ఆ తేదీ పట్టుకుంటే ఇద్దరి పదవీకాలాలు అతుక్కుపోతాయి. మధ్య కాలంలో పందొమ్మిదో అధికరణం కింద తాత్కాలిక చార్జ్ ఉంటారు. వాళ్లను ప్రధాన వరుసలో కలపకండి, వ్యాఖ్యలో పెట్టండి. లేకపోతే రెండు వారాలు చూసుకున్న ఫస్ట్ సెక్రటరీ కూడా రాయబారుల సంఖ్యలో చేరిపోతారు.

యాక్సన్ తర్వాత 1993లో వచ్చింది టూమస్ హెండ్రిక్ ఇల్వెస్. స్టాక్‌హోంలో పుట్టి అమెరికాలో పెరిగిన మనిషి, అమెరికా పౌరుడు. ఎనిమిదో అధికరణం ప్రకారం పుచ్చుకునే దేశపు పౌరుణ్ని ఆ దేశ సమ్మతి లేకుండా దౌత్యవేత్తగా పెట్టకూడదు. తన పౌరుణ్నే పరాయి రాయబారిగా చూడటం ఏ దేశానికైనా ఇబ్బందే. ఇల్వెస్ అమెరికా పౌరసత్వం వదులుకున్నారు. 2006లో ఎస్టోనియా అధ్యక్షుడయ్యారు. తర్వాతివాళ్లలో యూరి లుయిక్ కాలంలో (2003–2007) ఎస్టోనియా 2004 మార్చి 29న నాటోలో చేరింది. వైనో రెయినార్ట్ ఉన్నప్పుడు 2008 నవంబరులో ఎస్టోనియన్లకు వీసా లేని ప్రయాణం మొదలైంది. మరీనా కల్యురాండ్ 2011–2014. మిగతా పేర్లను అమెరికా దౌత్య జాబితా పాత సంచికల్లో సరిచూసుకోవచ్చు.

పేర్లు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎస్టోనియన్‌లో జె అక్షరం పలికేది "య" అని. ఇంగ్లీషు చదివినట్టు చదివితే యాక్సన్ కాస్తా జాక్సన్ అయి, అమెరికా అధ్యక్షుడెవరో అనిపిస్తుంది. జూరి కాదు యూరి. లిథువేనియన్, లాత్వియన్ పేర్లకూ అదే వర్తిస్తుంది. లిథువేనియన్ పేర్ల చివర "ఆస్", "ఇస్" తీసేయకండి, అవి పేరులో భాగం.

ఇదే పద్ధతి మాస్కోలోని ఎస్టోనియా రాయబారుల పట్టికకూ పనికొస్తుంది, అక్కడ ఇంకా అవసరం. కల్యురాండ్ వాషింగ్టన్‌కు ముందు 2005 నుంచి 2008 దాకా అక్కడే రాయబారి. 2007 ఏప్రిల్ చివర్లో టాలిన్ నడిబొడ్డు నుంచి సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని తరలించినప్పుడు మాస్కోలో ఎస్టోనియా ఎంబసీని రోజుల తరబడి గుంపులు ముట్టడించాయి. మే 2న ఆమె పత్రికా సమావేశంలోకి ఆందోళనకారులు చొరబడితే అంగరక్షకులు పెప్పర్ స్ప్రే వాడాల్సి వచ్చింది. ఎంబసీ ఆవరణకు వియన్నా ఒప్పందం ఇరవై రెండో అధికరణం, రాయబారి ఒంటికి ఇరవై తొమ్మిదో అధికరణం రక్షణ ఇస్తాయి. కానీ ఆ రక్షణ కల్పించాల్సింది ఆతిథ్య దేశపు పోలీసులే. వాళ్లు చేతులు కట్టుకు నిలబడితే అధికరణం కాగితమే.

2023 జనవరిలో టాలిన్‌లోని రష్యా ఎంబసీ సిబ్బందిని తగ్గించుకోమని ఎస్టోనియా చెప్పింది. జవాబుగా రష్యా, మాస్కోలోని ఎస్టోనియా రాయబారి మార్గుస్ లైద్రేను వెళ్లిపొమ్మంది. ఎస్టోనియా కూడా రష్యా రాయబారిని అలాగే పంపింది. ఫిబ్రవరి 7 నుంచి రెండు రాజధానుల్లోనూ అధిపతులు చార్జ్‌లే. కాబట్టి మాస్కో పట్టికలో లైద్రే దగ్గర 2023 ఫిబ్రవరి అని మూసి, కింద కొత్త వరుసలో "చార్జ్ డి అఫైర్స్ స్థాయి" అని రాయండి, ఖాళీ వదలకండి. ఇక్కడ సంతకం పెట్టే చెయ్యి ఉంది, ప్రభుత్వమూ ఉంది. లేనిది అవతలి వైపు సమ్మతి. 1940 గడికి రాసిన వ్యాఖ్యను దీనికి అంటిస్తే తప్పవుతుంది.